వెనక నుంచి పిలవని మనిషి

ఆయన పోయాడన్న కబురు నాకు ఎదురుగా వచ్చింది.

కోటబొమ్మాళిలో టీకొట్టు బల్ల మీద వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. వెనక మోపెడ్ ఆగింది. ఐసు పెట్టెలోని చేపల వాసన నన్ను తాకింది గాని మనిషి పలకలేదు. దిగాడు. కొట్టు పక్కనున్న బురదలోంచి నడిచి, పాలక్యాన్లు దాటి, టార్పాలిన్ కింద వంగి వచ్చి నా ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడు నోరు విప్పాడు.

"మాస్టారూ, సరంగు తాత ఎల్లిపోనాడండి."

అంత చుట్టూ తిరిగి వచ్చాడంటేనే ఏ ఊరివాడో తెలిసింది. వాడి ముఖం చూడగానే ఏం కబురో కూడా తెలిసింది.

ఆ ఊరు భావనపాడుకు దగ్గర్లోనే ఉంది. పేరు రాయను. రాస్తే అక్కడివాళ్ళు వచ్చి నా కోతలన్నీ ఏరి పారేస్తారు. మాది బొబ్బిలి, వీణలు చేసే ఇల్లు. పనసదుంగ మీద వేలితో తట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు మా నాన్న. ఆ చెవి నాకు రాలేదు. అందుకని డ్రిల్లు మాస్టర్నై ఆ సముద్రం ఒడ్డు బడిలో చేరి, అక్కడే రిటైరయ్యాను.

సముద్రం మీదికి బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఆ ఊరి పట్టు. మన ఇళ్ళలోనూ ఉంది లెండి, గడప దాటేవాణ్ణి ఎక్కడికని అడిగితే విసుక్కుంటాం. కాని మనది చాదస్తం, వాళ్ళది భయం. వెనక నుంచి పిలిస్తే ఆ పిలుపు మనిషి కన్నా ముందు సముద్రానికి వినిపిస్తుందట. పేరు దానికి తెలిసిపోతుందట. తెలిసిన పేరును అది మర్చిపోదట.

ఈ పట్టును సరంగు తాత, అంటే చుక్కాని పట్టి పడవ నడిపే ఆ పెద్దాయన, ఊరందరికన్నా ఇంకో బారెడు ముందుకు తీసుకుపోయాడు. ఒడ్డు మీదైనా, సంతలోనైనా, ఎవరినీ వెనక నుంచి పిలిచేవాడు కాడు. ఆయన మేక ఓసారి నా తువ్వాలు నములుతోంది. నేను కేకలేస్తున్నాను. ఆయన నింపాదిగా మేక చుట్టూ తిరిగి దాని ముఖానికి ఎదురుగా నిలబడి, అప్పుడు "హుష్" అన్నాడు. అప్పటికి తువ్వాలు సగమైంది. రైలును ఆపాలన్నా ఇంజను ముందుకెళ్ళి నిలబడే మనిషని నేను ఊళ్ళో చెప్పుకు తిరిగాను. రైలు సంగతి కల్పితం. మేక సంగతి నిజం.

మనిషి ఏడడుగులు. ఇన్నాళ్ళూ అందరికీ అలాగే చెప్పాను. ఇప్పుడు కాదనడానికి ఆయన లేడు గనక నేనే ఒప్పుకోవాలి. నాకన్నా జానెడు ఎత్తు, అంతే. నేను పొట్టివాణ్ణి.

చుట్ట అడ్డపొగ తాగేవాడు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదవులు మూసేసేవాడు. పడవ మీద నీటి తుంపరకు చుట్ట ఆరిపోకుండా పట్టుబడిన అలవాటు అది, ఒడ్డు మీదా మానలేదు. మాట్లాడాలంటే చుట్ట బయటికి తియ్యాలి. అందుకే మాట తక్కువ. ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోవడం చూస్తే చుట్టూ ఉన్నవాళ్ళు సద్దుమణిగేవారు. చుట్ట బయటికి వచ్చిందంటే మంచిమాట వస్తుందని ఎవరూ అనుకునేవారు కాదు.

ఆయనకు ఊతపదం ఒకటుండేది. వేట బాగా పడిందన్నా, ఎవరింట్లోనో పిల్ల పుట్టిందన్నా, మా జట్టు గెలిచిందన్నా చుట్ట తీసి అదే మాట అనేవాడు.

"పొద్దింకా గూకనేదు కదేటి."

అని మళ్ళీ చుట్ట పెట్టుకునేవాడు. మనం సంతోషంగా వెళ్ళిన వాళ్ళం పడమర వైపు చూసుకుంటూ తిరిగి వచ్చేవాళ్ళం.

మా జట్టు అన్నాను కదా. బాస్కెట్‌బాల్ జట్టు. ఆ ఊళ్ళో బంతి ఎగిరేంత గట్టి నేల ఒక్కటే, చేపలు ఎండబెట్టే సిమెంటు కల్లం. మధ్యాహ్నం దాకా ఆడవాళ్ళు దాని మీద నెత్తళ్ళు ఎండేసేవారు. వాళ్ళు ఎత్తి ఊడ్చేశాక మాది. బంతి వేసే బుట్ట చట్రం ఒకటి తుఫాను షెల్టరు గోడకు బిగించాను. రెండోది పాత పడవ కొయ్యకు కట్టి సముద్రం వైపు పాతాను. మాతో ఆడటానికి వచ్చిన పట్నం పిల్లలు బంతి పట్టుకోగానే చేతులు వాసన చూసుకునేవారు. వాళ్ళు చూసుకునేలోపల మా వాళ్ళు ఓ బుట్ట వేసేసేవారు.

చిక్కల్లా సముద్రం వైపు చట్రంతోనే. షెల్టరు వైపు ఆడేటప్పుడు మా పిల్లలు చేపల వేలంపాటలా అరిచేవారు. దిక్కు మారి సముద్రం వైపు తిరిగారో, నోళ్ళు మూతపడేవి. ముందు పరిగెత్తేవాడు సముద్రం వైపు పోతున్నట్టే కదా, వాణ్ణి వెనక నుంచి ఎవడు పిలుస్తాడు? బాస్కెట్‌బాల్‌లో వెనక నుంచి అరవకపోతే ఆట లేదు. "వెనక మనిషున్నాడు", "ఎడమకు రా", "వదిలెయ్" అని అరుస్తూనే ఉండాలి. మా ఆటలో సగం మూగనోము. పైగా ఆయన సముద్రం వైపు చట్రం పక్కనే బోర్లించిన పడవ మీద కూర్చునేవాడు. ఆయన ముందర నోరు జారే ధైర్యం ఎవడికుంది?

ఓసారి విజయనగరం పోటీకి తీసుకెళ్ళాను. సముద్రం అక్కడికి ఎంతో దూరం. మొదటి సగం పులుల్లా ఆడారు. వైపులు మారగానే మళ్ళీ మౌనం. ఆట ఆపించి గట్టిగా అడిగాను.

"ఒరే, ఇక్కడ సముద్రం ఏదిరా?"

"తూరుపు ఇటే కదండీ మాస్టారూ," అన్నారు అమాయకంగా.

ఓడిపోయి వచ్చాం. ఆయనకు చెబితే చుట్ట కూడా తియ్యలేదు. తల మాత్రం ఊపాడు, పిల్లలు సరిగానే చేశారన్నట్టు.

ఆ మౌనంలోనూ జట్టును నడిపించినవాడు దానేసు. మా గార్డు. గార్డంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవడు ఎక్కడికి పోవాలో చెప్పేవాడు. పడవకు సరంగు ఎలాగో జట్టుకు గార్డు అలాగ. షెల్టరు వైపు గొంతుతో, సముద్రం వైపు కనుబొమలతో నడిపేవాడు. వాడి పాసు కళ్ళు మూసుకున్నవాడి చేతిలో కూడా పడేదని విజయనగరంలో చెప్పాను. అంత లేదు గాని, కళ్ళు తెరిచినవాడి చేతిలో తప్పకుండా పడేది. వాడికి పందొమ్మిదేళ్ళు నిండేసరికి ఆ చుట్టుపక్కల అలాంటి గార్డు లేడన్నారు. అది నేనన్న మాట కాదు, అందుకే నమ్మొచ్చు.

ఆ కార్తీకంలో ఒక ఉదయం జరిగింది ఇది. నేనక్కడ లేను. ఉన్నట్టే చాలామందికి చెప్పాను. ఒడ్డున నిలబడి కళ్ళారా చూశానని చేతులు తిప్పి మరీ చెప్పాను. నిజానికి ఇంట్లో పళ్ళు తోముకుంటున్నాను.

దానేసు వాళ్ళన్న సరంగు తాత పడవలోనే కలాసీ, వల లాగే పనివాడు. పడవ నీళ్ళలోకి దిగింది. ఆయన వెనక చుక్కాని దగ్గర, అన్న ముందు కొసన. ఇంజను అందుకుంది. ఇంట్లో అన్నం క్యారేజీ మర్చిపోయాడని దానేసు ఒడ్డు మీద పరిగెత్తుకొచ్చాడు. పడవ ఎంతో దూరం పోలేదు. కుర్రతనం. నోరు జారింది.

"అన్నా! క్యారేజీ మర్సిపోనావు! అన్నా!"

పడవ కెరటానికి అడ్డం తిరిగింది. బోర్లా పడింది. అందరూ ఈదుకుంటూ వచ్చారు. అన్న మాత్రం తరవాత, ఇంకో ఊరి ఒడ్డుకు వచ్చాడు.

ఊళ్ళో ఎవరూ దానేసును ఒక్క మాట అనలేదు. అదే పెద్ద శిక్ష. బోరింగు దగ్గరికి వాడు వస్తే ఆడవాళ్ళు బిందె నిండకుండానే ఎత్తుకుని పోయేవారు. వాళ్ళమ్మ నా దగ్గరకొచ్చి గుమ్మంలో గంప దించి కూర్చుంది. "ఊరు పగ కాదు బాబూ. నా గుంటడికి ఆడి నోరే పగయిపోనాది. ఇంట్లో అన్నం కూడా అడగడు. నానే పెట్టాల," అంది.

ఆటలోనూ అంతే. ఇప్పుడు రెండు వైపులా మౌనమే. ఎవణ్ణీ పిలవడు. వాడు విసిరిన బంతి మనిషి లేని చోట పడేది. చట్రానికి వేసినదీ గురి తప్పేది. రెండేళ్ళు గడిచినా అంతే.

ఆయన కూడా మళ్ళీ చుక్కాని పట్టలేదు. వయసైపోయిందన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. బోర్లించిన పడవ మీద ఎప్పటిలాగే కూర్చునేవాడు. కాని అంతకుముందు సముద్రానికి ఎదురుగా కూర్చునేవాడు, ఇప్పుడు దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను చూశాను. చూసి, పిల్లల ఆట చూడటానికి వీలుగా తిరిగాడనుకున్నాను.

ఆ రోజుల్లోనే విజయనగరం క్లబ్బు మేనేజరు వచ్చాడు. తెల్ల బూట్లు. కల్లం మీద అడుగు పెట్టేముందు పొలుసులు చూసి ఆలోచించాడు.

"మాకు మంచి గార్డు కావాలి మాస్టారూ. రెండేళ్ళ కిందట మీ కుర్రాణ్ణి చూశాను, మనసులో ఉండిపోయాడు. ఇప్పుడు చితికిపోయాడంటున్నారు. వెంటపడమంటారా, వదిలెయ్యమంటారా?"

ఆ ప్రశ్న వెనక ఏముందో మేనేజరుకు తెలియదు, నాకు తెలుసు. క్లబ్బు తీసుకుంటే బస, చదువు, రేపు ఆటల కోటాలో ఏదో ఒక ఉద్యోగం. తీసుకోకపోతే గుజరాత్ పడవల మీదికి మనుషుల్ని పంపే మేస్త్రీ అప్పటికే వాడి పేరు రాసుకున్నాడు. ఊళ్ళో పడవలు వాణ్ణి ఎక్కించుకోవు మరి. వాళ్ళమ్మ నాతో అన్న మాట చెవిలో తిరుగుతోంది. "ఒకణ్ణి సంద్రం తీసుకున్నాది. రెండోవోణ్ణి నానే రైలెక్కించి దానికి పంపాలేటి బాబూ?"

అందుకని రెచ్చిపోయాను. "చితికిపోవడమా? ఎవరండీ ఆ మాటన్నది? వాడికి వీపున కళ్ళున్నాయి. గాలి ఎటు వీస్తుందో చూసి బంతి వేస్తాడు. ఒరిస్సా వాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారు, నేనే ఇవ్వలేదు."

ఒరిస్సా నుంచి ఎవరూ రాలేదు. ఇచ్ఛాపురం నుంచి కూడా రాలేదు.

మేనేజరు ముఖం కాస్త వికసించింది. అప్పుడు చూశాను, పడవ మీద కూర్చున్న సరంగు తాత చెయ్యి నోటి దగ్గరికి పోతోంది. లేచి, కల్లం చుట్టూ తిరిగి, మేనేజరుకు ఎదురుగా వచ్చి నిలబడి చుట్ట తీశాడు.

"తీసికెల్లకండి బాబూ."

"ఎందుకు పెద్దాయనా?"

"ఆడు పిలవడు. పిలవనోడు బోటులో ఉంటే, మరొకడు పోతాడు."

"అది కాదు సార్, పెద్దాయన అంటున్నది పడవ సంగతి..." అని నేను అడ్డుపడ్డాను.

"పడవేటి, బంతేటి. ఎనకాల కెరటం వొస్తన్నాదని సెప్పేవోడు ఉండాల కదా," అని ఆగాడు. ఇంకేదో చెప్పబోతున్నాడనిపించింది. కాని చుట్ట మళ్ళీ లోపలికి పోయింది.

ఆయన మీద నాకు ఎన్నడూ రానంత కోపం వచ్చింది. ఆ సాయంత్రం నేనూ ఆయన ముందుకెళ్ళి నిలబడి అడిగాను. "పసివాడి నోట్లో మట్టి కొట్టావు కదయ్యా. నీకేం పోయింది?" ఆయన నా ముఖం చూడలేదు. నిప్పు లోపల పెట్టుకున్న మనిషి కదా, ముక్కులోంచి పొగ సన్నగా వస్తూ ఉంది.

మేనేజరు మంచివాడు. ఒక అవకాశం ఇచ్చాడు. "ఆదివారం కోటబొమ్మాళి బడి మైదానంలో ఆట పెట్టండి. బుట్టలు వెయ్యకపోయినా ఫరవాలేదు, బాగుచేసుకుంటాం. ఒక్కసారి నోరు తెరిచి జట్టును పిలిస్తే చాలు, తీసుకెళ్తాను."

ఆదివారం ఆ మైదానంలో గాలి కూడా ఆడలేదు. దానేసు బాగానే ఆడాడు, చాలా రోజుల తరవాత. వాళ్ళమ్మ కంచె అవతల నిలబడి ఉంది. ఆయన రాలేదు. చివర్లో మా కుర్రాడొకడు బంతి పట్టుకుని చట్రం వైపు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. వాడి వెనకే అవతలి జట్టువాడు కొండలా వచ్చి నిలబడ్డాడు. దానేసు ఒక్కడికే అది కనిపిస్తోంది. నోరు తెరిచాడు. మెడ నరాలు లేచాయి.

అరిచాడు. మైదానమంతా మారుమోగింది.

ఇలా రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాను. అరవలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, శబ్దం రాలేదు. మా కుర్రాడు గిర్రున తిరిగి ఆ మనిషికి గుద్దుకుని పడ్డాడు. తల నేలకు తగిలిన చప్పుడు మాత్రం మైదానమంతా వినిపించింది. కాసేపు కదల్లేదు. తరవాత లేచి కూర్చుని నీళ్ళడిగాడు. ఆ కాసేపట్లో నాకు వినిపించిందల్లా ముసలాయన మాటే: మరొకడు పోతాడు.

మేనేజరు బూట్లు దులుపుకున్నాడు. "చెయ్యి బాగానే ఉంది మాస్టారూ. కాని ఐదుగురిలో గార్డు మూగవాడైతే మిగతా నలుగురూ చెవిటివాళ్ళవుతారు," అని బస్సెక్కేశాడు.

గుజరాత్ వెళ్ళేవాళ్ళు బయల్దేరిన పొద్దు ఆకాశం సీసంలా ఉంది. షెల్టరు దగ్గర మేస్త్రీ ఆటో ఆపుకుని ఉన్నాడు, కోటబొమ్మాళి స్టేషనుకు. కుర్రాళ్ళు సంచులు భుజాన వేసుకుని నడుస్తున్నారు. వాళ్ళు వెళ్ళేది రైలుకే అయినా చివరికి పోయేది సముద్రం మీదికే కదా, పట్టు పట్టే. తల్లులు, పెళ్ళాలు వెనక వరసగా నిలబడి పమిట కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఏడుపు పిలుపైపోతుందేమోనని. అంతమంది ఆడవాళ్ళు, ఒక్క ధ్వని లేదు. కెరటాల చప్పుడొక్కటే. అలాంటి సాగనంపు మీరు చూసి ఉండరు. చూడొద్దు కూడా.

దానేసు ఆఖర్న నడుస్తున్నాడు.

ఆయన ఎటునుంచో వచ్చాడు. వాడి వెనక కాస్త దూరంలో ఆగాడు. ఇంక చుట్టూ తిరిగి ముందుకెళ్తాడు, వాడి ఎదట నిలబడి ఏదో దీవెన చెబుతాడనుకున్నాను. ఆయన కదల్లేదు. చెయ్యి నోటికి పోయింది. చుట్ట తీసి ఇసకలో పారేశాడు. పారెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరే దానేసూ!"

ఇది పెంచి చెప్పడం కాదు. వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేశారు. వాళ్ళమ్మ "ఓలమ్మో!" అని ఇసకలో కూలబడింది. మేస్త్రీ ఆటోలోంచి తల బయటికి పెట్టాడు.

దానేసు ఆగిపోయాడు. తిరగలేదు.

"ఒరే, నిన్నేరా! ఎనకాల నుంచే పిలస్తన్నాను. ఇను. ఆ దినాన నువ్వు పిలిసినావు. మీ అన్నకి ఇనబడనేదు. ఆడు ముందల ఉన్నాడు, ఇంజను రొద. ఆడు కెరటం ఏపే సూస్తన్నాడు. ఇనబడింది నాకు. సుక్కాని సేతిలో ఎట్టుకొని నాను ఎనక్కి తిరిగినాను. ఎవుడ్రా పిలిసినాడని తిరిగినాను. బోటు అడ్డం పడిపోనాది. నీ నోరు కాదురా గుంటడా. నా మెడ."

అప్పుడు దానేసు తిరిగాడు. ఆ ముఖం గురించి నేనేమీ కల్పించను. సంచి జారి కింద పడింది.

"ఇన్నాలూ..." అన్నాడు. గొంతు తుప్పు పట్టిన గడియలా ఉంది. మళ్ళీ అందుకున్నాడు. "ఇన్నాలూ ఎందుకు సెప్పనేదురా ముసిలోడా! నీ నోరు పడిపోనాదేటి! మా అమ్మ ముకం సూసినావా నువ్వు! ఒక్కపాలైనా సూసినావా!" తిట్టాడు. తాతవరస మనిషిని, ఊరి పెద్ద సరంగును, ఆ ఒడ్డు మీద అంతకుముందు ఎవరూ తిట్టనన్ని తిట్లు తిట్టాడు. రెండేళ్ళ మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. ఆయన చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

"తిట్టు. ఇంకా గట్టిగా తిట్టు," అన్నాడు. "పిలిసినాను కదా, పీడ ఏటైనా ఉంటే పిలిసినోడికే తగలాల. ఆ రైలెక్కకు. బంతి దగ్గరికి ఎల్లు."

నేనేం చేశానో తెలుసా? ఫోను తీసి మేనేజరుకు కలిపి, పైకెత్తి పట్టుకున్నాను. "వినండి సార్! మాట్లాడుతున్నాడు! పిలుస్తున్నాడు!" మేనేజరు ఉబ్బితబ్బిబ్బై వెంటనే పంపించెయ్యమన్నాడని ఊరంతా చెప్పాను. అసలు మేనేజరన్నది, "ఎవరండీ కొట్టుకుంటున్నారు?" అని. ఆ తరవాత నేను నెల్లాళ్ళు వెంటపడితే, వాణ్ణి మారు ఆటగాడిగా బల్ల మీద కూర్చోబెట్టడానికి ఒప్పుకున్నాడు. బల్ల మీంచి లేచి ఆడటం వాడి సొంత సంపాదన.

మేస్త్రీ ఆటో వాడు లేకుండానే పోయింది.

ఊరు ఊపిరి పీల్చుకుందనుకుంటారేమో. లేదు. ఆ రోజు నుంచి ఊరంతా ఎదురుచూడటం మొదలుపెట్టింది. వెనక నుంచి పిలుపు జరిగిపోయింది, పేరు సముద్రం విన్నది. ఎవరికో ఒకరికి అవుతుంది. ఎవరికి?

మర్నాడు తెల్లవారుతూ ఉండగా ఆయన ఒంటరిగా చిన్న తెప్పను నీళ్ళలోకి తోశాడు. రెండేళ్ళుగా నీళ్ళు తాకని మనిషి. ఎందుకో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. సముద్రం ఎవరినైనా తీసుకునేదుంటే తననే తీసుకోమనడానికి వెళ్ళాడు. ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చింది. దానేసు కెరటాల్లోకి మోకాలి దాకా దిగాడు. పిలుస్తాడేమోనని వాళ్ళమ్మ వాడి చొక్కా గుప్పెట్లో పట్టుకుని ఉంది. తెప్ప చుక్కై, ఆ చుక్క కూడా పోయింది. మబ్బు కిందికి దిగింది. ఎండ లేదు, వాన లేదు.

మధ్యాహ్నానికి ఆయన తిరిగి వచ్చాడు. నాలుగు కవళ్ళ చేపలు పట్టుకొచ్చాడు. ముఖం చిరాగ్గా ఉంది.

"ఏటయినాది తాతా?" అని ఎవరో ఎదురెళ్ళి అడిగారు.

"దానికి నానక్కర్నేదట," అన్నాడు. కవళ్ళు దానేసు తల్లి గంపలో పడేశాడు. కాస్త నడిచి ఆగాడు. "పొద్దింకా గూకనేదు కదేటి," అన్నాడు. ఈసారి ఆ మాట ఎవరికో చెప్పినట్టు లేదు, తనకే చెప్పుకున్నట్టుంది.

అక్కణ్ణుంచి ఆయన బతికినన్నాళ్ళూ ఆ పొద్దు గూకలేదు. దానేసు ఊరికి వచ్చిన ప్రతిసారీ వాడికి ఎదురెళ్ళి కాళ్ళూ చేతులూ చూసేవాడు. ఓసారి బలవంతంగా విజయనగరం ఆటకు తీసుకెళ్ళాను. దానేసు మైదానమంతా తన గొంతుతో కప్పేశాడు. "ఎనక! ఎనక సూడు! ఒరే, ఎనకాల!" అని వాడు అరిచినప్పుడల్లా ఆయన నా పక్కన తల భుజాల్లోకి ముడుచుకునేవాడు. గెలిచారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని, నవ్వాడని ఇప్పటిదాకా చెబుతూ వచ్చాను. నవ్వలేదు. నన్ను అడిగింది ఒకటే. "ఎవుడికీ ఏటీ కానేదు కదా మాస్టారూ?"

ఏమీ కాలేదని చెప్పాను. నమ్మలేదు.

సముద్రం తీసుకుపోయిందని రాస్తే ఈ కథకు అందం. కాని ఆయన దగ్గుతో, నులకమంచం మీద, గోడ వైపు తిరిగి పోయాడు. మోపెడ్ కుర్రాడు నన్ను ఎక్కించుకుని వెళ్ళేసరికి దానేసు విజయనగరం నుంచి అప్పటికే వచ్చి ఉన్నాడు. పాడె ముందు కొమ్ము పట్టాడు. ఊరు అభ్యంతరం చెప్పలేదు. కొందరు మాత్రం పక్కకు చూశారు. పిలిచినవాడికి తగలాల్సిందేనా తగిలింది, లేక అది ఇంకా బాకీ ఉందా? ఆ లెక్క అక్కడ ఎవరికీ తెగలేదు.

వల్లకాటి నుంచి ఎవరూ వెనక్కి తిరగకుండా నడిచి వచ్చాం. దానేసు ముందు, నేను నా అరిగిన మోకాళ్ళతో వెనక. మర్నాడు వాడికి ఆట ఉంది. రోడ్డు మీద బస్సు కనిపిస్తోంది. వాడు సముద్రం పక్కనే ఉన్న దారిన అటే పోతున్నాడు. వాడితో ఒక మాట చెప్పాలనిపించింది. జాగ్రత్త అని, అంతే. నోరు తెరవబోయి మూసుకున్నాను. ఇసకలో పక్కకు దిగి, రొప్పుకుంటూ, పడుతూ లేస్తూ చుట్టూ తిరిగి వాడికి ఎదురుగా వచ్చి నిలబడ్డాను. ఆ పట్టును ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన బొబ్బిలి మనిషిని.

వాడు నన్ను చూసి నవ్వాడు. "మీరు కూడానా మాస్టారూ? పిలవొచ్చు కదండీ."

"అలవాటైపోయిందిరా."

"అలగ కాదు. నానిప్పుడు ఎల్తాను. మీరు ఎనకాల నుంచి పిలవండి. గట్టిగా. ఏటవుతాదో సూద్దాం."

ఇంకో మాటకు వీల్లేకుండా నన్ను దాటి నడిచాడు. వీపు నాకిచ్చి, నింపాదిగా, వింటున్నట్టుగా నడుస్తున్నాడు. కుడివైపు కెరటం విరుచుకుపడింది.

పిలిచాననే రాద్దామనుకున్నాను. నోరు తెరిచాను. ఉప్పుగాలి లోపలికి వచ్చింది గాని పేరు బయటికి పోలేదు. వాడు బస్సు దగ్గర ఆగాడు. తిరగకుండానే, పిలుపు వినిపించినవాడిలా చెయ్యి పైకెత్తి ఊపి, ఎక్కేశాడు.